పెద్దావిడది తీసేద్దాం

ఎండ ముదరకముందే ఊరు దాటాలన్నది ఆ ఉదయపు పథకం. తెల్లారేసరికల్లా సామానంతా కారులోకి చేరింది. వెనకసీట్లో నీళ్ళసీసాలు, అరటిపళ్ళు, ఒక దుప్పటి, వాటి మధ్య మహారాణిలా అత్తగారు. ముందుసీట్లో భార్య, ఆమె ఒళ్ళో బొమ్మలు గీసుకునే పుస్తకం. ఇక కదలడమే తరువాయి అనుకుంటుండగా ఆమె చెయ్యి చాపింది. డాక్టరు జేబులోంచి ఫోను తీసి, ఆమె కళ్ళెదుటే దాని నోరు నొక్కేసి, లోపలికెళ్ళి బల్లసొరుగులో పడేసి, ఇంటికి తాళం వేసి వచ్చాడు.

ఆయన పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగంమంది నవ్వు ఆయన చేతులమీదుగానే నడుస్తుంది. భార్య బళ్ళో డ్రాయింగు టీచరు. వేసవి సెలవుల్లో కారులో నాలుగూళ్ళు తిరిగి, ఊరికో మ్యూజియంలో బొమ్మలు చూసి, సాయంత్రాలు అక్కడి ఆటాపాటా చూసి రావాలని ఆమెకి పెళ్ళయిన దగ్గర్నుంచీ కోరిక. ప్రతి వేసవికీ డాక్టరు సరేననేవాడు. ప్రతి వేసవికీ ఎవరిదో ఒకరి దవడ వాచేది. "ఊళ్ళో ఎవరి పన్ను కదిలినా మన బండి కదలదు," అని ఆమె చుట్టాల దగ్గర నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వులో పళ్ళు కనిపించేవి కావు.

ఈసారి ఆమె షరతు పెట్టింది. దారిలో ఒక్కసారి ఆసుపత్రి ఫోను తీసినా, ఉన్నపళాన కారు దిగి, తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కి వెనక్కి వచ్చేస్తుంది. మళ్ళీ ఈ జన్మలో ప్రయాణం మాట ఎత్తదు. మామూలప్పుడైతే ఆ రెండోమాటకి డాక్టరు లోలోపల సంతోషించేవాడేమో. కానీ చెబుతున్నప్పుడు ఆమె నవ్వకపోవడం చూసి ఆయన మనసు చివుక్కుమంది. నెత్తిమీద చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టు వేశాడు.

ఒట్టు వేసిన మాట నిజం. చొక్కా లోపలి జేబులో ఇంకో చిన్న పాత ఫోను ఉన్న మాటా నిజం. ఆయన చెడ్డవాడు కాడు. తను లేకపోతే ఆసుపత్రి ఒక్కపూట కూడా నిలవదని నమ్మినవాడు, అంతే. అక్కడ వదిలివచ్చిన జూనియరు పనిమంతుడే అయినా, తను చెప్పందే దూదిపింజ కూడా ముట్టుకోడని ఆయన ధీమా. అందుకే రోజూ మధ్యాహ్నం ఒకసారి ఫోను చేసి అన్నీ అడిగి తెలుసుకోమని రహస్యంగా చెప్పి వచ్చాడు.

అత్తగారికి మొదట ఈ ప్రయాణమే నచ్చలేదు. బొమ్మలు చూడ్డానికి అంత దూరం పడి పోవాలా, ఇంట్లో క్యాలెండర్లు లేవా అంది. తనని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి వెళ్తారని తెలిశాక మాత్రం అందరికంటే ముందు సంచి సర్దుకుంది.

మొదటి ఊరి మ్యూజియం ఎత్తైన కిటికీలున్న పాతకాలపు భవనం. బయట ఎండ పెళపెళలాడుతుంటే లోపల చల్లగా, చెప్పుల కిర్రు తప్ప మరో చప్పుడు లేకుండా ఉంది. భార్యకి ఉత్సాహం ఆగలేదు. ఇక్కణ్ణుంచి ఏ ఊరు వెళ్తున్నారో, ఆ తర్వాత ఏ ఊరు వెళ్తున్నారో టికెట్ల దగ్గరే, ఎవరూ అడక్కుండానే, వివరంగా చెప్పేసింది.

పెద్దహాల్లో ఎదురుగోడ మీద ఆ మ్యూజియానికంతా పేరు తెచ్చిన బొమ్మ ఉంది. కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న ముసలావిడ. మనిషి ఎత్తు బొమ్మ. అక్కడ పనిచేసేవాళ్ళందరూ దాన్ని ముద్దుగా "పెద్దావిడ" అంటారు. ఎన్నేళ్ళుగానో పుస్తకాల్లో అగ్గిపెట్టెంత చూసిన బొమ్మ ఎదురుగా నిండుగా కనబడేసరికి భార్య కళ్ళు చెమ్మగిల్లాయి. అత్తగారు కూడా కాసేపు చూసి, "దారం కొస కాస్త తడి చేసుకుంటే ఎక్కును కదా, పాపం," అంది. డాక్టరూ ఆ బొమ్మనే చూస్తున్నాడు. లోపలికి పోయిన ఆ బుగ్గల్ని బట్టి పై దవడలో ఎన్ని మిగిలి ఉంటాయో అంచనా వేస్తుండగా ఆయన గుండె గుడగుడమంది. గుండె కాదు, లోపలి జేబు.

చేతులు కడుక్కొస్తానని చెప్పి ఆయన ఒక లావుపాటి స్తంభం వెనక్కి చేరాడు. ఆ స్తంభానికి అవతలిపక్క, స్టూలు మీద, గుబురుమీసాల కాపలాదారు కునుకు తీస్తున్న సంగతి ఆయన చూసుకోలేదు. ఆ మీసాలాయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ హాల్లో ఏమీ జరగలేదు. ఒక్కసారైనా ఏదో ఒకటి జరగాలని, అది తన కళ్ళముందే జరగాలని ఆయన చిరకాల వాంఛ.

ఫోనులో జూనియరు, పొద్దున ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దావిడ కోరపన్ను సంగతి చెప్పి ఏం చేయమంటారని అడిగాడు. డాక్టరు గొంతు బాగా తగ్గించాడు. హాలు గుమ్మటం కింద కట్టింది కాబట్టి, ఆ తగ్గించిన గొంతు గోడవెంట చుట్టు తిరిగి, చెవిలో చెప్పినంత స్పష్టంగా స్టూలు దగ్గరికి చేరింది.

"పెద్దావిడ సంగతేగా. ఇంకా ఆలోచనేముంది, తీసేద్దాం... పాతదే, కాదన్నదెవరు. అంచు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే చేతిలోకి వచ్చేస్తుంది. ముందు మత్తు మాత్రం సరిగ్గా ఇవ్వు, లేకపోతే కేకలు పెట్టి గోల చేస్తారు... ఆ ఖాళీ అలా వదిలెయ్యకూడదు, చూడ్డానికి బాగోదు. నకిలీది చేయించి పెట్టేద్దాం. అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, పక్కన నిలబడి చూసినా ఎవరూ పోల్చుకోలేరు... మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకు. సరే, కానియ్."

మత్తు అన్న మాట చెవిన పడగానే కాపలాదారుకి నిద్రమత్తు వదిలిపోయింది. తనకే ఆ మత్తు ఇవ్వబోతున్నారని అర్థం చేసుకోవడానికి ఆయనకి పెద్దగా సమయం పట్టలేదు. స్టూలు చప్పుడు కాకుండా లేచి, మీసం మీద చెయ్యి వేసుకుని, అధికారి గదివైపు నడిచాడు. వరండా దాటేసరికి మత్తు కాస్తా మత్తుసూది అయింది. మెట్లెక్కేసరికి ఒక్క మనిషి ముఠా అయ్యాడు. అధికారి తలుపు తట్టేసరికి ముఠా దగ్గర ఇంకా ఏమేమి ఉన్నాయో ఊహించుకోవడం వినేవాళ్ళ ఇష్టానికే వదిలేశాడు.

అధికారి ఆ మ్యూజియానికి కొత్త. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ తప్పూ తమ హయాంలో జరగకూడదనుకుంటారు. మాటలు విన్నంతమాత్రాన పట్టుకుంటే నవ్వులపాలవుతామని, బొమ్మ ఇంకా గోడమీదే ఉంది గనక వాళ్ళని కంట కనిపెట్టి ఉండి, చెయ్యి వేసినప్పుడే పట్టుకోవాలని ఆయన నిర్ణయించాడు. మిగతా మూడు ఊళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. మ్యూజియం భద్రత చూసే సూపర్వైజరుని పిలిచి, గైడు వేషం వేసుకుని వాళ్ళతోనే తిరగమన్నాడు. ఆయన నడివయసు మనిషి, భారీ విగ్రహం. వేషమంటే ఏం వేయాలో తోచక నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

కారెక్కబోతున్న ముగ్గురి ముందూ ఆ నల్లకళ్ళద్దాలాయన చేతులు జోడించి నిలబడ్డాడు. తమరు ప్రత్యేక అతిథులని, మిగతా ఊళ్ళన్నీ తనే కారులో వెంట వచ్చి చూపిస్తానని, రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని చెప్పాడు. భార్య తెల్లబోయి చూసింది. తర్వాత మెల్లగా భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఇది మీ పనేనా?"

డాక్టరుకి తల తోక తెలియలేదు. కానీ పెళ్ళయిన కొత్తలో తప్ప మళ్ళీ ఎన్నడూ భార్య తనని అలా చూడలేదని మాత్రం తెలిసింది. కాదనడానికి నోరు రాలేదు.

"ఏదో... నీకోసం," అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతికి రెండంగుళాల ఎడంలోనే పాత ఫోను ఉంది. డాక్టరు తేలు కుట్టిన దొంగలా కారు నడిపాడు.

రెండో ఊళ్ళో వాళ్ళకి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఉద్యోగులు నడిచారు. వీళ్ళు ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోంచి మిగతావాళ్ళని బయటికి పంపేశారు. భార్య ఒక్కో బొమ్మ ముందూ తనివితీరా నిలబడి పుస్తకంలో నకలు గీసుకుంది. నల్లకళ్ళద్దాలాయన భుజంమీదుగా తొంగిచూసి, ఎంత త్వరగా ఎంత బాగా గీస్తున్నదో గమనించి, బయటికెళ్ళి అధికారికి ఫోను చేశాడు. నకళ్ళు తయారుచేసేది ఎవరో తెలిసిపోయిందన్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి అత్తగారు ఒక పడవబొమ్మ చట్రాన్ని జానలతో కొలుస్తోంది. ఎందుకమ్మా అని అడిగితే, ఇది ఫ్రిజ్జు పక్కన పడుతుందా లేదా అని చూస్తున్నానంది. పడుతుందట గానీ, తలుపు తీసేటప్పుడు కాస్త అడ్డమట. నల్లకళ్ళద్దాలాయన మళ్ళీ బయటికెళ్ళాడు.

అసలు దెబ్బ మూడో ఊరికి వెళ్ళే దారిలో తగిలింది. కారు టైరు పంక్చరైంది. డాక్టరు డిక్కీ తెరిచి జాకీ కోసం తడుముతుంటే, దుప్పటి కింద దాచిన తోలుపెట్టె జారి రోడ్డుమీద పడి తెరుచుకుంది. సన్నటి కొక్కాలు, వంకర పట్కార్లు, సూదుల్లాంటి ఆకురాళ్ళు, పిల్ల డ్రిల్లు, చిన్న అద్దం ఎండలో తళతళలాడాయి. ప్రయాణంలో ఎవరికైనా పన్నునొప్పి వస్తే పనికొస్తాయని డాక్టరు భార్యకి తెలియకుండా తెచ్చుకున్న పనిముట్లు అవి. ఆయన గబగబా పెట్టె మూసి, నల్లకళ్ళద్దాలాయన చెవిదగ్గర, "మా ఆవిడకి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. ఇవి లేకుండా నేను ఎక్కడికీ కదలను. చేతికి అలవాటైపోయింది," అన్నాడు.

ఆ సాయంత్రం అధికారికి వెళ్ళిన కబురులో పనిముట్ల వర్ణనే సగం ఉంది. మిగతా సగం అత్తగారి గురించి. ముఠా నాయకురాలు ముసలావిడేనని తన అనుమానమని, అల్లుడు ఆవిడ కళ్ళలోకి కూడా చూడడని సూపర్వైజరు చెప్పాడు.

అయితే ఆయన ఉద్యోగధర్మానికి కూడా ఆ మూడో ఊళ్ళోనే గండం వచ్చింది. అక్కడి కూడలిలో వేసవి సాయంత్రాలు డప్పులు మోగుతాయి, బొమ్మలాట ఆడతారు. ఊరంతా వచ్చి కింద కూర్చుంటుంది. బొమ్మలాటలో గయ్యాళి అత్త కోడల్ని నానామాటలు అంటుంటే, వెనక వరసలోంచి డాక్టరుగారి అత్తగారు లేచి ఆ బొమ్మని నాలుగు దులిపింది. ఆడించేవాడు కూడా తక్కువవాడు కాడు. బొమ్మచేతే తిరిగి జవాబు చెప్పించాడు. కాసేపటికి అసలు కథ పక్కకిపోయి ఇద్దరి వాదనే ఆటైంది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత డప్పులు జోరందుకున్నాయి. అత్తగారు చెంగు దోపుకుని గుంపులోకి నడిచి, పోతూపోతూ నల్లకళ్ళద్దాలాయన్ని కూడా చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ భారీ మనిషి మొదట రెండడుగులు మొహమాటంగా వేశాడు. మూడో అడుగుకి కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

భార్య నవ్వీ నవ్వీ భర్త భుజంమీద వాలిపోయింది. తన పెళ్ళాం నవ్వితే కుడివైపు పన్నుమీద పన్ను ఒకటి కనబడుతుందని డాక్టరు మరిచిపోయి చాలాకాలమైంది. ఆయన దాన్ని సరిచేసే విధానం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది ఆయన జీవితంలో పెద్ద విశేషమే. మర్నాడు మధ్యాహ్నం జేబు గుడగుడలాడినప్పుడు మాత్రం యథాప్రకారం చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నాలుగో ఊరు కూడా అయ్యాక భార్య ఒక కోరిక కోరింది. ఇంటికి పోయేముందు మొదటి ఊరు మీదుగా వెళ్ళి, పెద్దావిడని ఇంకొక్కసారి చూడాలని ఉందంది. వెనకసీట్లో అరటిపండు ఒలుస్తున్న నల్లకళ్ళద్దాలాయన చెయ్యి ఆగిపోయింది. ఈ కొద్దిరోజుల్లో ఆయనకి వాళ్ళమీద అభిమానం కలిగింది. వీళ్ళు దొంగలు కాకపోతే బాగుండునని మనసులో మొక్కుకున్నాడు కూడా. కానీ పని చెయ్యడానికే వెనక్కి పోతున్నారని ఇక సందేహం లేకపోయింది. తిరిగి అక్కడికే వస్తున్నామని బరువెక్కిన గుండెతో కబురు పంపాడు.

అక్కడ అధికారి పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉంది. ఎందుకైనా మంచిదని ఆయన ఆ పొద్దునే ఒక నిపుణుణ్ణి పిలిపించి పెద్దావిడని పరీక్ష చేయించాడు. ఆ నిపుణుడు దీపం పెట్టి, భూతద్దం పెట్టి, మూలన గోటితో గీకి వాసన చూసి, ఇది అసలు బొమ్మ కాదు, నకలు అని తేల్చేశాడు. అధికారి లెక్క తలకిందులైంది. రేపో మాపో మారుస్తారనుకుంటే, ఎప్పుడో మార్చేసి దర్జాగా ఊళ్ళు తిరుగుతున్నారన్నమాట. వెంటనే పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అయితే దొంగలు మళ్ళీ ఎందుకు వస్తున్నారని అధికారి అడిగితే, నేరం చేసినవాడు ఆ చోటికి తిరిగి రాకమానడని, తన అనుభవమంతా అదేనని ఇన్‌స్పెక్టరు మీసం దువ్వాడు. మీసం సంగతి వస్తే తానేం తక్కువని కాపలాదారు కూడా దువ్వాడు.

కారు గేటులోకి వచ్చేసరికి సిబ్బందంతా దారికి రెండువైపులా బారులు తీరి ఉన్నారు. అత్తగారు అద్దంలోంచి చూసి, సన్మానమే, సందేహం లేదంది. ముందే చెబితే మంచి చీర కట్టుకునేదాన్ని కదా అని అల్లుణ్ణి సున్నితంగా నిష్ఠూరమాడి, జుట్టు దువ్వుకోమని ఆయనకి తన దువ్వెన ఇచ్చింది. పక్క పాపిడి తీసుకుని డాక్టరు కారు దిగాడు. ముగ్గుర్నీ నేరుగా అధికారి గదిలోకి తీసుకువెళ్ళారు. వెనక తలుపు గడియ పడింది. పూలదండల జాడ లేదు.

ఇన్‌స్పెక్టరు ఉపోద్ఘాతం ఏమీ లేకుండా డాక్టరు ఎదుట కుర్చీ జరుపుకున్నాడు.

"ఇక్కడ స్తంభం వెనక మీరేం చేశారో మాకు తెలుసు. తీశారా లేదా? ఒక్కటే మాట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు డాక్టరు చెయ్యి లోపలి జేబుమీదికి పోయింది. మ్యూజియంలో ఫోన్లు వాడరాదని గోడమీద రాసి ఉన్నమాట నిజమే. అంతమాత్రానికి పోలీసులా అని ఆశ్చర్యపోయాడు గానీ, ఆయన భయం పోలీసుల గురించి కాదు. పక్క కుర్చీలో భార్య ఉంది.

"తీశాను," అన్నాడు నేలచూపులు చూస్తూ.

అధికారి కుర్చీలోంచి సగం లేచాడు. భార్య అయోమయంగా అటూ ఇటూ చూసింది.

"ఎప్పుడు?"

"వచ్చినరోజే. మా ఆవిడ బొమ్మ చూస్తుండగా."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"జేబులో."

ఇన్‌స్పెక్టరు ఆయన చొక్కాకేసి ఎగాదిగా చూశాడు. మనిషి ఎత్తు బొమ్మ. "జేబులోనా? మడతపెట్టారా?"

"మడతపడే రకం కాదండీ. పాతది."

"పాతదని మాకూ తెలుసు. అందుకేగా దానికంత విలువ."

"దీనికి విలువేముందండీ. చప్పుడు రాకుండా పెట్టుకున్నాను. అప్పుడప్పుడు వణుకుతుంది, అంతే."

పెద్దావిడ వణకడమేమిటో తెలియక అధికారి తల పట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేదని డాక్టరు జేబులోంచి ఫోను తీసి బల్లమీద పెట్టాడు. గదిలో అందరూ దాన్నే చూశారు. అందరిలోకీ ఎక్కువసేపు చూసింది భార్య. ఆమె ముఖంలో అయోమయం పోయి, దానికంటే భయంకరమైనది ఏదో వచ్చి కూర్చుంది.

తను అడిగేది ఫోను గురించి కాదని, గోడమీది పెద్దావిడ గురించని ఇన్‌స్పెక్టరు గద్దించాడు. పెద్దావిడది తీసేద్దాం, మత్తు ఇవ్వు, నకిలీది పెట్టేద్దాం అన్నాడా లేదా అని కాపలాదారు మాటకి మాట అప్పజెప్పాడు. డాక్టరుకి అప్పుడు లైటు వెలిగింది. అది పన్ను అన్నాడు. పై దవడలో కోరపన్ను అన్నాడు. డిక్కీలోవి పళ్ళ పనిముట్లన్నాడు. ఎవరి ముఖంలోనూ నమ్మకం కనబడలేదు. అప్పటికే బల్లమీద భార్య మొదటిరోజే గీసుకున్న పెద్దావిడ నకలు కూడా తెరిచి పెట్టారు. దీనికేం సమాధానమని ఇన్‌స్పెక్టరు అడిగితే, చేతులు సరిగ్గా కుదరలేదని ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంది.

"మా అల్లుడుగారు దొంగతనం చేస్తే మొదటిపూటే దొరికిపోతారు బాబూ," అని అత్తగారు హామీ ఇచ్చింది. "ఇన్నాళ్ళు దొరకలేదంటేనే ఆయన చెయ్యలేదని లెక్క."

చివరికి జూనియరుకి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. డాక్టరు నోరు విప్పకుండా ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. అవతలినుంచి జూనియరు గొంతు ఖంగుమంది.

"నమస్కారం సార్. పెద్దావిడది తీసేసిన చోట నకిలీది పెట్టేశాం. ఎవరూ పోల్చుకోలేకపోతున్నారు."

"అసలుది ఎక్కడుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి.

"చెత్తబుట్టలో పారేశాను సార్."

అధికారి గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. కాపలాదారు మంచినీళ్ళకి పరిగెత్తాడు.

"అంతా పుచ్చిపోయింది సార్, వేరుతో సహా. ఏం చేసుకుంటాం దాన్ని. ఆవిడ మాత్రం కొత్త పన్నుతో నవ్వుకుంటూ వెళ్ళింది."

గదిలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. అది నల్లకళ్ళద్దాలాయన. జూనియరు అక్కడితో ఆగి ఉంటే డాక్టరు పోలీసుల దగ్గరా, ఇంటిదగ్గరా కొంత పరువుతో బయటపడేవాడు. కానీ అతను ఎదురుగా ఎవరున్నారో తెలియనివాడు.

"ఇంకో మాట సార్, కోపం తెచ్చుకోకండి. రోజూ ఫోను చేసి అడగమన్నారని చేస్తున్నాను గానీ, ఆ రోజు మధ్యాహ్నం మీరు తీసెయ్యమని చెప్పేసరికే, పొద్దున్నే పన్ను తీసేసి ఆవిణ్ణి ఇంటికి పంపించేశాను. మీ మాటకి అడ్డు చెప్పడం దేనికని అలాగే సార్ అన్నాను. ఇక్కడంతా బాగానే జరుగుతోంది. మీరు హాయిగా తిరగండి."

ఫోను ఆగింది. పోలీసుల దృష్టిలో డాక్టరు ఆ క్షణాన నిర్దోషి. అసలు కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు. భార్య మెల్లగా నల్లకళ్ళద్దాలాయన వైపు తిరిగి, మిమ్మల్ని మాతో పంపింది మా ఆయన కాదా అని అడిగింది. ఆయన తలవంచుకుని, కాదమ్మా, మ్యూజియం వాళ్ళని చెప్పాడు. బస్సులు ఎన్ని గంటలకో ఆమె అడగబోతోందని, జవాబు చెప్పాల్సింది తనేనని డాక్టరు అనుకుంటున్నాడు.

ఆమె పెదవి ఒకపక్కకి కదిలింది. తర్వాత రెండోపక్కకి. "పొద్దున్నే తీసేశాట్ట," అంది. అంతే, నవ్వు ఆపుకోలేక బల్లమీద తల ఆనించేసింది. "పోలీసుల దాకా వచ్చామండీ. ఎప్పుడో తీసేసిన పన్ను తియ్యమని చెప్పడానికి పోలీసుల దాకా వచ్చాం." పన్నుమీద పన్ను మళ్ళీ కనబడింది. డాక్టరుకి ఏడవాలో నవ్వాలో తెలియక, జరిగినదంతా ఒప్పుకుని, గైడు సంగతితో సహా క్షమించమన్నాడు. ఇన్‌స్పెక్టరు ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించాడు.

ఇంత సంతోషంలో పాలుపంచుకోనిది ఒక్క అధికారి. ఈయన తియ్యకపోతే మరి అసలు బొమ్మ ఏమైనట్టు? ఆయన ఆ మాట పైకి అనేలోపే తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. మ్యూజియంలో చెడిపోయిన బొమ్మలకి మరమ్మతు చేసే మనిషి. సెలవులోంచి ఆపూటే తిరిగొచ్చిందట. తన బొమ్మని మూలన గోటితో గీకిన మహానుభావుడు ఎవరని నిలదీసింది.

"మీ బొమ్మ ఏమిటి?" అన్నాడు అధికారి.

అసలు పెద్దావిడకి చాలా ఏళ్ళ కిందటే చెదపట్టిందట. బాగుచేసేవరకు గోడ బోసిగా ఉండకూడదని అప్పటి అధికారి ఈమె చేత నకలు వేయించి తగిలించాడట. ఆయన వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు అధికారులు వచ్చారు, వెళ్ళారు. అసలుది లోపలి గదిలో గుడ్డ కప్పుకుని భద్రంగా ఉంది. ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ అడగలేదంది. అధికారికి తను వచ్చిన దగ్గర్నుంచీ ఎంతమంది పెద్దమనుషుల్ని ఆ నకలు ముందు నిలబెట్టి ఎంతెంత ఉపన్యాసాలు ఇచ్చాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

జరిగినదానికి పరిహారంగా ఆయన ముగ్గుర్నీ లోపలికి తీసుకువెళ్ళి అసలు బొమ్మ చూపించాడు. ఇన్‌స్పెక్టరూ, కాపలాదారూ కూడా వెంట నడిచారు. మరమ్మతులావిడ గుడ్డ తొలగించింది. కాలానికి నల్లబడిన రంగుల్లోంచి పెద్దావిడ లీలగా కనబడింది. కిటికీ ఉండీ లేనట్టుంది. దారం అసలు కనబడనే లేదు. భార్య చాలాసేపు చూసింది. అందరూ ఆమె కళ్ళు చెమ్మగిల్లడం కోసం గౌరవంగా ఎదురుచూశారు.

"తప్పుగా అనుకోకండి," అంది ఆమె చివరికి. "నాకు బయటిదే బాగుంది. ఆవిడ దగ్గర వెలుతురుంది."

అధికారి దగ్గాడు. మరమ్మతులావిడ మాత్రం గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ హాల్లోంచి పోతూ వస్తూ, ఎవరో మహానుభావుడికి చెందవలసిన పొగడ్తలుగా తన పనిని జనం పొగుడుతుంటే వింటూ వచ్చిన మనిషి. ఆ మాట తన ఎదురుగా తనకే దక్కడం అదే మొదలు. ఆమె డాక్టరు భార్య చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది. ఆ ముడతల చేతులు ఎలా వేయాలో నేర్పడానికి ఇద్దరూ కూర్చుంటే, పొద్దువాలినా లేవలేదు. బయట మెట్లమీద అత్తగారు అరటిపళ్ళు పంచుతూ, ఇన్‌స్పెక్టరుకి బొమ్మలాటలో తను గెలిచిన సంగతి చెబుతూ కూర్చుంది.

భార్య తీర్పు చల్లగానే వచ్చింది. ఆసుపత్రి నడుస్తోంది గనక ప్రయాణం ఇంకో వారం పెరిగింది. ఆ వారమంతా ఆమె పగలు మరమ్మతులావిడ దగ్గర రంగులు కలిపింది. డాక్టరు పక్కన కూర్చుని కుంచెలు కడిగాడు. చెయ్యి తిన్నగా ఉందని ఆవిడ చేత మెప్పు కూడా పొందాడు. పాత ఫోను అత్తగారి సంచిలోకి మారింది. అది మోగినప్పుడల్లా ఆవిడే తీసి, అవతల ఎవరైనా సరే, ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పి పెట్టేసింది.

ఈ గొడవంతా నలుగురి నోళ్ళలో పడి, పెద్దావిడ నకలు చూడ్డానికి ఊళ్ళనుంచి జనం రావడం మొదలుపెట్టారు. కింద మరమ్మతులావిడ పేరు రాసిన కొత్త చెక్క కూడా తగిలించారు. గుబురుమీసాల కాపలాదారుకి ఇప్పుడు కునుకు తీసే తీరిక లేదు. స్టూలు స్తంభం వెనకనుంచి బొమ్మ ముందుకి మార్చుకున్నాడు. అసలు బొమ్మ లోపలి గదిలోనే గుడ్డ కప్పుకుని ఉంది. దాన్ని ఎత్తుకుపోవాలన్న ఆలోచన ఇంతవరకు ఎవరికీ రాలేదు.